చుక్కలు చూపించిన హాన్లే ప్యాకేజీ

మా అమ్మ జీవితంలో టెలిస్కోప్ చూసి ఎరగదు. అయినా గోడ మీద క్యాలెండర్ వైపు ఒకసారి చూసి తేల్చేసింది. "ఏడో తారీఖు పౌర్ణమి కదరా! చుక్కలు చూడటానికి ఎవరైనా పౌర్ణమికి వెళ్తారా?"

లడఖ్‌లో చుక్కలు చూడటానికి పేరున్న హాన్లే అనే ఊరికి వెళ్దామని, అప్పటికే ప్యాకేజీకి మనిషికి 27,500 చొప్పున ముగ్గురికి 82,500 కట్టేశాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా లేహ్‌కి రానూపోనూ టికెట్లు ఒక్కొక్కటి 15,240. క్యాన్సిల్ చేస్తే పైసా వెనక్కి రాదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే, "ఫుల్ మూన్ అయితే ఇంకా మంచిది సార్, లైటింగ్ బాగుంటుంది" అన్నాడు. పెళ్ళి వీడియో గురించి మాట్లాడుతున్నాడేమో అనిపించింది. ఆ ప్యాకేజీ పేరు స్టార్ నైట్ స్పెషల్. 27,500లో 2,500 దానికే.

తప్పు నాదీ ఉంది. లీవు దొరికిందే మహాభాగ్యమని 2025 సెప్టెంబరు మొదటి వారానికి బుక్ చేసేశాను, తిథి చూడలేదు. రెండు వారాలు ఆగి ఉంటే 21న మహాలయ అమావాస్య. నిండు చంద్రుడి వెలుగు అర్ధచంద్రుడి వెలుగుకి రెట్టింపు ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ దాదాపు పది రెట్లు ఉంటుంది. హాన్లేలోనైనా హనుమకొండలోనైనా ఆ వెలుగులో పాలపుంత కనిపించదు.

మర్నాడు అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "ఆ రోజు చంద్ర గ్రహణం కూడానట. తిరుమల గుడి కూడా మూసేస్తున్నారు. కుంభ రాశి వాళ్ళు అసలు చూడకూడదని టీవీలో చెబుతున్నారు." మా ఆవిడది కుంభ రాశి. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఇక చూసుకోండి.

మేం ముగ్గురం: నేను, మా ఆవిడ, మా బావమరిది. సిటీ అంతా నిమజ్జనం హడావిడిలో ఉండగా 3వ తేదీన బయల్దేరాం. లేహ్‌లో మూడు రాత్రులు ఏ గొడవా లేకుండా గడిచాయి. అది 3,500 మీటర్ల ఎత్తు కాబట్టి మొదటి రోజు మెట్లెక్కినా ఆయాసమే. కనీసం రెండు రోజులు అక్కడ ఒళ్ళు అలవాటు చేసుకోకుండా పైకి వెళ్ళొద్దు. దిగగానే మా ప్రీపెయిడ్ సిమ్‌లు మూగబోయాయి. మా ఆవిడ పోస్ట్‌పెయిడ్ ఒక్కటే పనిచేసింది కాబట్టి అమ్మ హెచ్చరికలన్నీ సూటిగా ఆమెకే చేరాయి.

6వ తేదీ పొద్దున్న కారులో బయల్దేరాం. ఉప్షి, చుమథంగ్, మాహే మీదుగా సింధు నది పక్కనే దారి, చాలా అందంగా ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకి డ్రైవర్ కారాపి ఇదే మీ క్యాంప్ అన్నాడు. చూస్తే అది హాన్లే కాదు. న్యోమా కూడా ఇంకా దాటలేదు. హాన్లేకి అక్కడి నుంచి రెండు గంటల పైనే పడుతుంది. ఏజెంటు పంపిన కాగితంలో "హాన్లే ఏరియా లగ్జరీ టెంట్" అని ఉంది. ఆ 'ఏరియా' అన్న మాట అంత దూరం సాగుతుందని మాకేం తెలుసు!

టెంట్ సంగతి కాస్త వివరంగానే రాయాలి. లోపల మంచాలు, రగ్గులు బాగానే ఉన్నాయి. కానీ సరిగ్గా మా గుడ్డ తలుపు ముందే పార్కింగ్, పార్కింగ్ మధ్యలో ఇనుప స్తంభం, దాని మీద ఫ్లడ్‌లైట్. క్రికెట్ ఆడుకోవచ్చు. డైనింగ్ టెంట్ చుట్టూ రంగురంగుల సీరియల్ లైట్లు. వీటన్నిటికీ కరెంటు ఇచ్చే జనరేటర్ మా తల వైపు నుంచి ముప్పై అడుగుల్లో, రాత్రి పదకొండున్నర దాకా డుగ్‌డుగ్‌మంటూనే ఉంది. మేనేజర్‌ని ఫ్లడ్‌లైట్ ఆపమంటే, "లైటు లేకపోతే గెస్టులు భయపడతారు" అన్నాడు. ఈ గెస్టులు చీకటి కోసం డబ్బులు కట్టి వచ్చారయ్యా అంటే నవ్వాడు.

ఆ తర్వాత స్టార్ నైట్ మొదలైంది. ఒక కుర్రాడు సన్న కాళ్ళ స్టాండు మీద పిల్లల బొమ్మలాంటి టెలిస్కోప్ ఒకటి తెచ్చి పెట్టాడు. ముట్టుకుంటే చాలు, చంద్రుడు గంతులేసేవాడు. శనిని చూపించమంటే ఏదో చుక్క మీద పెట్టి, ఫోకస్ చెడగొట్టి, కనబడిన ఆ గుండ్రటి మసకే శని అన్నాడు. ఐదు నిమిషాల్లో సర్దేశాడు. మా బావమరిదికి అప్పటికే ఎత్తు వల్ల తల పగిలిపోతోంది. "బావా, ఏడున్నర వేలకి ఇదా?" అని ఒక్క మాట అని వెళ్ళి పడుకున్నాడు. రాత్రి భోజనం పేరు చెప్పి పసుపు నీళ్ళలాంటి పప్పు పెట్టారు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కందిపొడి డబ్బా తీసింది, ఆ పూటకి అదే దిక్కు.

ఏజెంటు లెక్క ప్రకారం రెండో రాత్రి కూడా ఆ టెంటులోనే, హాన్లేని పగలు చూసి రావడమే. చుక్కల ఊరిని పగలు చూపించే ప్యాకేజీ! పొద్దున్నే డ్రైవర్‌తో గోడు చెప్పుకున్నాను. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "హాన్లేలో మా పిన్ని ఇల్లుంది, రండి" అన్నాడు. టెంట్ డబ్బులు పోతే పోయాయని కదిలాం. లోమా దగ్గర చెక్‌పోస్టులో పర్మిట్ అడుగుతారు, రెండు మూడు జిరాక్స్ కాపీలు దగ్గరుంచుకోండి.

హాన్లే పెద్ద ఊరేమీ కాదు. అక్కడక్కడా విసిరేసినట్టున్న పల్లెలు, నడుమ పచ్చిక, పైన గుట్ట మీద పదిహేడో శతాబ్దపు బౌద్ధ మఠం. ఎత్తు 4,250 మీటర్ల పైమాటే. 2022లో ఈ చుట్టుపక్కల 1,073 చదరపు కిలోమీటర్లను డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అంటే రాత్రిపూట చీకటిని పాడుచేయకూడదు. కిటికీలకి మందపాటి నల్ల కర్టెన్లు, కారుకి డిమ్ లైట్లు, ఆరుబయట బల్బులు వేయకూడదు. ఊళ్ళోవాళ్ళు కొందరికి శిక్షణ ఇచ్చి, ఎనిమిది అంగుళాల అద్దమున్న టెలిస్కోపులు కూడా ఇచ్చారు. వచ్చినవాళ్ళకి ఆకాశం చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకుంటారు.

డ్రైవర్ పిన్నిని అందరూ అమాలే అంటారు, లడఖీలో అమ్మగారు అని. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి మనిషికి 1,800. మరుగుదొడ్డి బయట, వేడినీళ్ళు అడిగితే బకెట్లో ఇస్తారు. సుఖాలు కావాలనుకునేవాళ్ళకి నచ్చకపోవచ్చు. కానీ ఆ రాత్రి ఆవిడ పెట్టిన స్క్యూ ఉంది చూశారూ! గోధుమపిండి ముద్దని చిన్న చిన్న ఉండలు చేసి బొటనవేలితో నొక్కి, కూరగాయల పులుసులో ఉడికిస్తారు. మొన్న చవితికి చేసుకున్న పాలతాలికలు దారి తప్పి కూరలో పడ్డట్టుంది అంది మా ఆవిడ. రెండు రోజులుగా ఏమీ దిగని మా బావమరిది మూడు గిన్నెలు లాగించాడు. మా ఆవిడ ఆవకాయ సీసా ఆవిడ చేతిలో పెట్టేసింది. అమాలే వేలితో నాకి చూసి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, ఇంకాస్త వేసుకుంది.

పక్కింటి అబ్బాయికే టెలిస్కోప్ ఇచ్చారు. మనిషికి 500 అన్నాడు. ఎనిమిదింటికి పెరట్లోకి వచ్చాడు. అప్పటికే చంద్రుడు కొండ మీదికొచ్చి నేలంతా పిండారబోసినట్టుంది. "ఇప్పుడు పెద్దగా ఏం కనబడదు, డబ్బులు ఇప్పుడే ఇవ్వకండి. పదకొండు దాకా ఆగితే ఈ రాత్రే మంచి రాత్రి" అన్నాడు హిందీలో. ఈ ట్రిప్పు మొత్తంలో డబ్బులు వద్దన్న మనిషిని అప్పుడే చూశాను.

ఆ వెన్నెల్లోనే వాయవ్యంలో సప్తర్షుల్ని, అందులో వసిష్ఠుణ్ణి ఆనుకుని ఉన్న అరుంధతిని చూపించాడు. మా పెళ్ళిలో మిట్ట మధ్యాహ్నం పందిట్లోంచి పురోహితుడు చూపించిన అరుంధతిని అసలుగా చూడటం అదే మొదలు. ధ్రువ నక్షత్రం మన హైదరాబాద్‌లో కనిపించే దానికి దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. మనం ఎంత ఉత్తరానికి వెళ్తే అది అంత పైకి లేస్తుంది.

గ్రహణం పట్టు 9.57కి. మా ఆవిడ తొమ్మిదిన్నరకే లోపలికి వెళ్ళి నల్ల కర్టెన్ లాగేసుకుంది. పదింటికి ఒక మబ్బు తునక సరిగ్గా చంద్రుడికి అడ్డం వచ్చి పావుగంట కదల్లేదు. బావమరిది నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. ఆ చూపు చాలు. మబ్బు తప్పుకునేసరికి చంద్రుడి అంచు ఎవరో కొరికినట్టు ఉంది. నీడ పెరిగే కొద్దీ పెరట్లో మా నీడలు పలచబడ్డాయి. పదకొండు దాటగానే సంపూర్ణ గ్రహణం. చంద్రుడు ఆరిపోతున్న నిప్పు కణికలా, ఇటుక రంగులో ఉన్నాడు. సూర్యుడి వెలుగు భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్ళేటప్పుడు నీలం చెదిరిపోయి ఎరుపే మిగులుతుంది, అదే చంద్రుడి మీద పడుతుంది.

నేను మాత్రం చంద్రుణ్ణి వదిలేసి మిగతా ఆకాశం చూస్తున్నాను. సినిమా హాల్లో లైట్లు ఆర్పినట్టు, ఇంతసేపూ లేని చుక్కలు ఎక్కడి నుంచో గుంపులుగా వచ్చేశాయి. నైరుతి నుంచి నడినెత్తి పక్కగా ఈశాన్యం దాకా పాలపుంత పరుచుకుంది. తూర్పు కొండ పైన కృత్తికలు. నేను లోపలికి పరుగెత్తి (ఆ ఎత్తులో పరుగెత్తకూడదు, రెండు నిమిషాలు మాట రాలేదు) మా ఆవిడని రమ్మన్నాను.

"నేను చంద్రుణ్ణి చూడనండీ."

"చంద్రుణ్ణి చూడకు. అతను దక్షిణం వైపున్నాడు. నువ్వు ఉత్తరం తిరిగి నిలబడు."

కాసేపు ఆలోచించింది. తల మీదుగా శాలువా కప్పుకుని, నేలచూపులతో బయటికొచ్చి, గ్రహణానికి వీపు పెట్టి నిలబడి, అప్పుడు తలెత్తింది. చాలాసేపు మాట్లాడలేదు. ఆ అబ్బాయి ఆండ్రోమెడా గెలాక్సీని చూపించాడు. తూర్పున చాలా ఎత్తులో ఉంది, మామూలు కంటికే చిన్న మసకలా తెలుస్తోంది. టెలిస్కోప్‌లోంచి చూసి, "ముగ్గు చెరిపేస్తే మిగిలినట్టుంది, ఇదేనా?" అంది. ఆ వెలుగు అక్కడి నుంచి బయల్దేరి 25 లక్షల ఏళ్ళయిందని చెప్పాడు. మళ్ళీ కన్ను పెట్టింది. ఈసారి తీయడానికి ఒప్పుకోలేదు, వెనక మేమిద్దరం క్యూలో ఉన్నాం.

శని, ఎర్ర చంద్రుడికి ఎడమవైపున, చేయి చాచి కొలిస్తే జానెడు కంటే కాస్త తక్కువ దూరంలో ఉన్నాడు. ఫొటోల్లోలాంటి ఉంగరాలు ఆశించి బావమరిది ముందు చూశాడు. రేగుపండుకి పుల్ల గుచ్చినట్టుంది, అంతే. 2025 మార్చిలో ఆ ఉంగరాలు మనకి సరిగ్గా అంచు వైపు తిరిగాయి, పదిహేనేళ్ళకి ఒకసారి అలా జరుగుతుందట. రాబోయే ఏళ్ళలో మళ్ళీ విచ్చుకుంటాయి. "చంద్రుడే కాదు, శని కూడా ప్యాకేజీలో మోసమే బావా" అన్నాడు, కానీ నవ్వుతూ అన్నాడు.

82 నిమిషాలు. 12.23కి చంద్రుడి అంచున వెల్డింగ్ మెరుపులా వెలుగు పుట్టింది. కాసేపటికే పాలపుంత వెలిసిపోయింది. నీళ్ళ సీసా పైన పలచగా మంచు కట్టి ఉంది. ఆ అబ్బాయి చేతిలో 1,500 పెట్టి, ఇంకో 500 బలవంతంగా ఇచ్చాను. విడుపు స్నానం సంగతి ఎవరూ ఎత్తలేదు. పొద్దున్న అమాలే ఇచ్చిన బకెట్ వేడినీళ్ళతో ముగ్గురం సరిపెట్టుకున్నాం, అమ్మకి మాత్రం టైముకే చేశామని చెప్పాం.

మర్నాడు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న అబ్జర్వేటరీకి వెళ్ళాం. రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ అక్కడే ఉంది. కన్ను పెట్టి చూద్దామని వెళ్తే నిరాశే, దాన్ని బెంగళూరు దగ్గర హోస్కోటె నుంచి ఉపగ్రహ లింకుతో నడుపుతారు. కింద మైదానంలో 21 మీటర్ల వెడల్పు అద్దాల గిన్నెలా ఉన్నది మేస్, గామా కిరణాలు మన గాలిని తాకినప్పుడు పుట్టే నీలి మెరుపుల్ని పట్టేది. దాన్ని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళు హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ సాయంతో కట్టారని తెలిసేసరికి, కుషాయిగూడలో ఉండే మా బావమరిది తలనొప్పి పూర్తిగా పోయింది. "మా ఈసీఐఎల్ అంటే బస్ స్టాప్ అనుకున్నారు కదా!" అని లేహ్ చేరేదాకా మమ్మల్ని వదల్లేదు.

వెళ్ళేవాళ్ళు ముందు క్యాలెండర్లో అమావాస్య చూసుకుని, ఆ తర్వాతే టికెట్ల జోలికి వెళ్ళండి. హాన్లే అని చెప్పి ఎవరైనా టెంట్ అంటగడితే ఊరి పేరు రాయించుకోండి. టెలిస్కోప్ ఉన్న ఇంట్లోనో దాని పక్కింట్లోనో దిగడం అన్నిటికంటే మేలు. ఫోన్ లైటు వెలిగించొద్దు, చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, పాడవడానికి ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు.

హైదరాబాద్ వచ్చాక ఏజెంటుని స్టార్ నైట్ డబ్బులు 7,500 వెనక్కి ఇమ్మన్నాను. "అదేంటి సార్, గ్రహణం చూశారు కదా! అంతకంటే స్పెషల్ ఏముంటుంది?" అన్నాడు. గ్రహణాన్ని కూడా తనే ఏర్పాటు చేసినట్టు మాట్లాడుతున్నాడు. నేను అరవబోతుంటే మా ఆవిడ ఫోన్ లాక్కుంది.

"చూడండి, వాళ్ళిద్దరూ చూశారు, నేను చూడలేదు. నాది కుంభ రాశి. నా డబ్బులు నాకు ఇచ్చేయండి."

అవతల కాసేపు నిశ్శబ్దం. మూడో రోజు గూగుల్ పేలో సరిగ్గా 2,500 వచ్చింది.