ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

సర్వర్లలోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ కావడానికి కీ జత (మీ దగ్గరే దాచుకునే ప్రైవేట్ కీ, సర్వర్‌కి ఇచ్చే పబ్లిక్ కీ) కావాలంటే దారులు చాలా ఉన్నాయి. పుట్టీ ప్రోగ్రామ్‌తో వచ్చే పుట్టీజెన్ ఉంది, క్లౌడ్ కంపెనీల వెబ్ పేజీలున్నాయి, పాస్‌వర్డ్ మేనేజర్లూ ఈ పని చేసిపెడుతున్నాయి. లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటి మీదా చాన్నాళ్లు వాడి చెబుతున్నాను: ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీతో పాటే వచ్చే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ ఉండగా వేరేది వెతకనక్కర్లేదు. విండోస్ 10లో కూడా 2018 నుంచి ఇది సిస్టమ్‌తోనే వస్తోంది. జత తయారవడం క్షణం పని. తలనొప్పులన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి.

ముందు ఏ రకం కీ అన్నది. ఈడీ25519 తీసుకోండి. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.5 వెర్షన్‌తో వచ్చిన ఈ రకం 2023 అక్టోబర్‌లో 9.5 వెర్షన్ నుంచి డిఫాల్ట్ అయింది. ఉబుంటు 22.04లో ఉన్నది 8.9 కాబట్టి, అక్కడ ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే 3072 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ చేతికొస్తుంది. అదేమీ బలహీనం కాదు గానీ, ఏ మెషీన్ మీదైనా ఒకే ఫలితం రావాలంటే హైఫన్ టీ ఆప్షన్‌తో రకం పేరు చెప్పేయడమే మేలు. ఈడీ25519 పబ్లిక్ కీలో అసలు భాగం 68 అక్షరాలే, కాపీ చేసేటప్పుడు తెగిపోయే ప్రమాదం తక్కువ. అదే 4096 బిట్ల ఆర్‌ఎస్‌ఏ అయితే ఏడొందల అక్షరాలు దాటుతుంది. సర్వర్ మరీ పాతదైతేనే ఆర్‌ఎస్‌ఏ. డీఎస్‌ఏ జోలికి వెళ్లొద్దు, 2025లో వచ్చిన 10.0 వెర్షన్‌లో దాన్ని పూర్తిగా తీసేశారు.

హైఫన్ సీ (పెద్ద అక్షరం సీ, ఇక్కడ చెప్పే మిగతా ఆప్షన్లన్నీ చిన్న అక్షరాలే) ఆప్షన్‌తో కామెంట్ తప్పకుండా రాయండి. ఇవ్వకపోతే మీ యూజర్ పేరు, మెషీన్ పేరు కలిపి అదే రాసేస్తుంది, ఆ వివరాలు పబ్లిక్ కీతో పాటు ప్రతి సర్వర్‌కీ చేరతాయి. "ఆఫీస్ ల్యాప్‌టాప్ 2025" లాంటిది చాలు.

తర్వాత ఫైల్ ఎక్కడ దాచాలని అడుగుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. ఉత్త పేరు టైప్ చేస్తే కీ మీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోకి వెళ్లదు, మీరు అప్పుడున్న ఫోల్డర్‌లో పడుతుంది. ఆ తర్వాత లాగిన్ అయితే క్లయింట్‌కి (మీ వైపు ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌కి) అది కనిపించదు. టిల్డా (~) గుర్తుతో దారి ఇద్దామంటే, ఆ ప్రశ్న దగ్గర టిల్డాని విడదీసి హోమ్ ఫోల్డర్‌గా మార్చే షెల్ ఉండదు కాబట్టి ఫైల్ సేవ్ కాలేదని ఎర్రర్ వస్తుంది. పూర్తి దారి టైప్ చేయాలి, లేదా కమాండ్‌లోనే హైఫన్ ఎఫ్‌తో ఇవ్వాలి. ఆ పేరుతో ఫైల్ ముందే ఉంటే ఓవర్‌రైట్ చేయాలా అని అడుగుతుంది. అక్కడ వై కొట్టారో, పాత ప్రైవేట్ కీ పోయినట్టే. బ్యాకప్ లేకపోతే దాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు.

పాస్‌ఫ్రేజ్ (ప్రైవేట్ కీ ఫైల్‌కి తాళంలా పెట్టే రహస్య వాక్యం) దగ్గర ఉత్త ఎంటర్ కొట్టినా ఒప్పుకుంటుంది, ఈ పనిముట్టు మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. పాస్‌ఫ్రేజ్ లేని ప్రైవేట్ కీ ఫైల్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లే మీరు. పొంతన లేని ఐదారు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. సామెతలు మాత్రం వద్దు, అవి అందరికీ తెలిసినవే. తెలుగు లిపిలో పెట్టుకోవడమూ ఇబ్బందే, టైప్ చేసింది తెర మీద కనిపించదు, వేరే మెషీన్‌లో కీబోర్డ్ లేఅవుట్ వేరుగా ఉంటే లోపలికి వెళ్లలేరు. హైఫన్ ఏ 100 అని చేరిస్తే పాస్‌ఫ్రేజ్‌ని ఊహించి చూసే ప్రతి ప్రయత్నానికీ దొంగకు ఎక్కువ సమయం పడుతుంది. కీ బలానికీ దీనికీ సంబంధం లేదు. పాస్‌ఫ్రేజ్‌ని మాటిమాటికీ కొట్టే పని తప్పించడానికి, ఒకసారి తెరిచిన కీని గుర్తుంచుకునే ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్ ఉంది. ఇప్పటికే ఖాళీగా వదిలేసిన కీ ఉంటే కొత్తది చేయక్కర్లేదు, హైఫన్ పీ ఆప్షన్‌తో దానికే పాస్‌ఫ్రేజ్ పెట్టొచ్చు, సర్వర్లలో ఏమీ మార్చనక్కర్లేదు.

పబ్లిక్ కీని సర్వర్‌కి పంపడానికి ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ ఉంటే అదే వాడండి, పర్మిషన్లు కూడా అదే చూసుకుంటుంది. చేత్తో చేస్తే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, అందులోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి (అనుమతించిన పబ్లిక్ కీలు ఉండే ఫైల్‌కి) 600 పర్మిషన్ ఉండాలి, అంటే ఓనర్ తప్ప ఇంకెవరూ తెరవకూడదు. అన్నీ సరిగ్గానే పెట్టినా పాస్‌వర్డే అడుగుతోందంటే హోమ్ ఫోల్డర్‌ని చూడండి. దానికి గ్రూప్ రైట్ పర్మిషన్ ఉంటే సర్వర్ కీని పట్టించుకోదు. క్లయింట్ వైపు కారణం ఒక్క ముక్క కూడా కనిపించదు. ఉబుంటులో ఆథ్ డాట్ లాగ్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో సెక్యూర్ అనే లాగ్ తెరిస్తే ఓనర్‌షిప్ లేదా మోడ్స్ బాగాలేవని అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది. ఏజెంట్‌లో కీలు ఎక్కువైతే ఇంకో చిక్కు: క్లయింట్ ఒక్కొక్కటీ చూపించుకుంటూ పోతుంది, సర్వర్ డిఫాల్ట్ పరిమితి ఆరు ప్రయత్నాలు. అసలు కీ వంతు రాకముందే బయటికి నెట్టేస్తుంది. మీ మెషీన్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ సర్వర్ కింద ఐడెంటిటీ ఫైల్ పేరు ఇచ్చి, ఐడెంటిటీస్ ఓన్లీ యెస్ అని రాస్తే ఆ బాధ పోతుంది.

పుట్టీజెన్ వాడేవాళ్లకు ఒక మాట. అందులోని సేవ్ పబ్లిక్ కీ బటన్ ఇచ్చే ఫైల్ అనేక లైన్లుగా ఉంటుంది, దాన్ని ఆథరైజ్డ్ కీస్‌లో అతికిస్తే పనిచేయదు. పైన పెట్టెలో కనిపించే ఒకే పొడవాటి లైన్‌ని కాపీ చేయాలి.

కీతో లోపలికి వెళ్లగలుగుతున్నారని రూఢి అయ్యాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపండి. ఒక సెషన్ తెరిచే ఉంచి, ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు ప్రోగ్రామ్) హైఫన్ టీతో సర్వర్ కాన్ఫిగ్‌లో తప్పుల్లేవని చూసుకుని, సర్వీస్ రీలోడ్ చేసి, మరో విండోలోంచి లాగిన్ ప్రయత్నించాలి. పాస్‌వర్డ్ అథెంటికేషన్ సెట్టింగ్‌కి నో అని రాసినా పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోందంటే, సర్వర్‌లోని విడి కాన్ఫిగ్ ఫోల్డర్‌లో క్లౌడ్-ఇనిట్ (క్లౌడ్ సర్వర్‌ని మొదట సిద్ధం చేసే ప్రోగ్రామ్) పెట్టిన ఫైల్ ఉందేమో చూడండి. ఒకే సెట్టింగ్ రెండుచోట్ల ఉంటే ముందు చదివినదే చెల్లుతుంది.

ఇందులో నిజంగా లోటనిపించేది ఒకటుంది, మామూలు కీకి గడువు ఉండదు. ఉద్యోగం వదిలి వెళ్లినవాళ్ల కీలు ఏళ్ల తరబడి సర్వర్లలో అలాగే పడుంటాయి. సర్టిఫికెట్లు వాడితే గడువు పెట్టొచ్చు గానీ, ఒకటి రెండు సర్వర్లున్నవాళ్లకు అంత ఏర్పాటు బరువు. వాళ్లకు నేను చెప్పేది, మెషీన్‌కో ప్రత్యేక కీ ఉంచుకుని, అప్పుడప్పుడూ హైఫన్ ఎల్, హైఫన్ ఎఫ్ ఆప్షన్లతో ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌ని చదివించమని. ఒక్కో కీ ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే చిన్న సంకేతం), దాని కామెంట్ లైన్ల వారీగా వస్తాయి. ఎవరిదో తేలని లైన్ ముందు # గుర్తు పెట్టి పనిచేయకుండా చేసి, కొన్నాళ్లపాటు ఎవరూ అడగకపోతే తీసేయండి.