బీడు బాగుచేయడం: కంప కొట్టించాలా, జేసీబీ పెట్టించాలా?

ఏళ్లుగా బీడుపడ్డ నేలను సాగులోకి తెచ్చామని తెలిసినప్పటి నుంచి ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "మనుషులతో కొట్టించమంటారా, జేసీబీతో లేపించమంటారా?" నేను రెండూ చేయించాను. పొలంలో పై చెక్కను తెలియక ఒకలా, కింది చెక్కను బుద్ధొచ్చి ఇంకోలా.

పై చెక్కలో సర్కారు తుమ్మ మనిషి ఎత్తు దాటింది. చదును చేసేయమని చెప్పింది నేనే. జేసీబీ ముందు బకెట్‌ను నేలకు ఆనించి తోసుకుంటూ పోతే సాయంత్రానికి ఎకరం నున్నగా అయిపోయింది. కంప, మొద్దులు, మట్టి కలిసి గట్టు పొడవునా పెద్ద గుట్ట. ఆ సంబరంలో ఫోటోలు తీసి అందరికీ పంపాను కూడా.

వానలు పడ్డాక జనుము చల్లాం. జానెడు పెరిగి, పసుపుబారి అక్కడే ఆగిపోయింది. గట్టు మీది గుట్టలో మాత్రం గడ్డి నడుము దాకా లేచింది. అనుమానమొచ్చి గుట్టను పారతో గీరి చూస్తే నల్లటి గుల్ల మట్టి, వానపాములు. చెక్క మధ్యలో గునపం వేస్తే ఠంగుమంది. నా పొలం సత్తువంతా గట్టెక్కి కూర్చుందన్నమాట.

నేలలో సారం ఎక్కువగా ఉండేది పై జానెడులోనే. ఆకులు రాలి కుళ్లేది, సూక్ష్మజీవులు ఎక్కువగా బతికేది అక్కడే. అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. బకెట్ నాలుగంగుళాలు గీకి పక్కకు తోసేస్తే ఎన్ని బళ్ల ఎరువు తోలినా ఒకటి రెండేళ్లలో సరికాదు. అందుకే ఎన్ని గంటల్లో అయిపోతుంది, ఎంతవుతుంది అన్న లెక్కల కంటే ముందు నేను అడిగేది ఇదే: పైమట్టి ఎక్కడికి పోతుంది?

అలాగని అంతా మనుషులతోనే కొట్టించమనను. అప్పుడు మట్టి మిగులుతుంది, వేరూ మిగులుతుంది. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే చావదు. నేల కింద వేరు మొదట్లో మొగ్గలు నిద్రపోతుంటాయి. ఒక్క కాండం కొట్టిన చోట నాలుగు వానలకే పది చిగుళ్లు లేస్తాయి. జానెడు లోతు తవ్వి, ఆ మొగ్గల కిందికి నరికితేనే దాని పని అయిపోతుంది. ముదురు మొద్దు ఒక్కదానికి ఇద్దరు మనుషులకు పూటంతా పట్టింది. ఇక చేత్తో పట్టుకుని కోసే మోటారు బ్రష్ కట్టర్ గడ్డికీ సన్న పొదలకూ బాగుంటుంది, మొద్దుల దగ్గర దానితో పనిలేదు.

కింది చెక్కలో రెండూ కలిపాం. ముందు మనుషులు కొమ్మలన్నీ కొట్టి, కాండాన్ని మాత్రం నడుమెత్తు వదిలేశారు. ఆ వదిలిన ముక్కే బకెట్‌కు పట్టు. తర్వాత జేసీబీ వెనక బకెట్‌తో ఒక్కో మొద్దునూ వేళ్లతో సహా పెకలించి, గాల్లోనే రెండుసార్లు దులిపి, మట్టి ఆ గుంతలోనే రాలేలా చేయించాను. డ్రైవర్‌కు ఈ నస నచ్చలేదు. "ముందు బకెట్‌తో అయితే మధ్యాహ్నానికే తేల్చేవాణ్ణి" అంటూనే ఉన్నాడు. రెండు రోజులు పట్టింది.

అదను కూడా చూసుకోవాలి. మంచి వాన పడి, నేల కాస్త ఆరాక పెట్టించండి. ఎండిన నేలలో వేరు పుటుక్కున తెగి లోపలే ఉండిపోతుంది, బురదలో బండి బరువుకు నేల రాయిలా అణిగిపోతుంది.

ముందు మనుషులు దిగితే ఇంకో లాభం ఉంది. హద్దురాళ్లు, పూడిపోయిన పాత బావులు కంటపడతాయి. పై చెక్కలో మా హద్దురాయి ఒకటి గుట్టలో తేలింది. పక్క పొలం వాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది.

మిగతావి రెండు ముక్కల్లో చెప్తాను. నిప్పు పెట్టడం వద్దు: పైన కాలుతుంది, కింద వేరు బతుకుతుంది, గాలి తిరిగితే పక్కవాళ్ల పంట పోతుంది. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందు పచ్చటి మొక్క మీదే పనిచేస్తుంది, నేలలోని విత్తనాన్ని ఏమీ చేయలేదు, పైగా చాలా చోట్ల ఆంక్షలున్నాయి. మేకలు లేత చిగుళ్లను అదుపులో పెడతాయి కానీ తుమ్మకాయలు తిన్నాయంటే పెంటికలతో విత్తనాలు పొలమంతా చల్లి వెళ్తాయి.

తుంగ బలిసిన నేల సంగతి వేరు. అక్కడ ట్రాక్టర్ వెనక కత్తులు తిరిగే రోటావేటర్ తిప్పారంటే నేల కింది గడ్డల గొలుసులు తెగి, ఒక మూల ఉన్నది పొలమంతా పాకుతుంది. ఎండాకాలంలో లోతు దుక్కి చేసి, గడ్డలు పైకి తేలి ఎండేలా మళ్లీ మళ్లీ దున్నడమే నయం. వయ్యారిభామ కలుపు అయితే పూత రాకముందే పీకేయాలి, చేతులకు గ్లౌజులు వేసుకుని. దద్దుర్లొస్తే మామూలుగా ఉండదు.

ఇల్లో షెడ్డో కట్టేందుకైతే ఇంత టెన్షన్ అక్కర్లేదు, ముందు బకెట్టే మేలు. ఒక్కటి మాత్రం చేయండి: కంప తీసేశాక పైమట్టిని విడిగా గీయించి ఒక మూల పోయించండి. రేపు చెట్లు పెట్టుకునేటప్పుడు దానికోసమే వెతుక్కుంటారు.

తుమ్మ విత్తనం నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది కాబట్టి ఎలా బాగుచేయించినా మొలకలు తప్పవు. వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు చేత్తో లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి. కింది చెక్కలో ఈ ఏడు అలా పీకినవి ఒక గంపెడు ఉంటాయి. పై చెక్కలో మాత్రం గట్టు మీది మట్టిని ఇంకా తట్టలతో వెనక్కి మోస్తూనే ఉన్నాం.