ఆయిలు తగ్గాలి గానీ పెరగడమేటి?

సన్‌రూఫ్, పెద్ద స్క్రీను, సీటు కవర్ల సంగతి నేను రాయను. అవన్నీ షోరూంలో వాళ్లే విప్పి చూపిస్తారు. ఈ ఏడు సీట్ల డీజిల్ బండితో నా పేచీ అంతా డాష్‌బోర్డు మీది ఒక పసుపు దీపంతో. పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టరు నిండితే వెలిగే దీపం అది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లన్నిటికీ దాదాపు ఇదే తంతు కాబట్టి కంపెనీ పేరుతో పనిలేదు.

మాది పర్లాకిమిడి. రోజూ తిరిగేదల్లా పిల్లల బడి, బజారు, నాన్నగారి పని మీద పాతపట్నం. ఇంజిను సరిగ్గా వేడెక్కేలోపే ఇంటికొచ్చేస్తాం. ఆ మసి కాలిపోవాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి, అంటే పావుగంటో ఇరవై నిమిషాలో బండి ఒకే ఊపున పోవాలి. మా వీధుల్లో ఆవులు, ఆటోలు, రథయాత్ర వస్తే జనం. ఎక్కడ పోతాం?

వర్షాల్లో అందరం కలిసి ఆర్.ఉదయగిరి వెళ్తుంటే ఘాటీ మధ్యలో ఆ దీపం వెలిగి పికప్ చచ్చిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా మూలుగే తప్ప కదలిక లేదు. ఘాటీలో దీని లాగుడు చూడండని ఊరంతా చెప్పుకున్నది నేనే. వెనక లారీవాడు హారన్ కొడుతుంటే ఎలాగో తిప్పుకుని ఇంటికి చేరాం.

మర్నాడు మా మేస్త్రి గేజు పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు. ఆయిలు పై గీత దాటి పైకుంది. "బాబూ, ఆయిలు తగ్గితే అర్థముంది, పెరగడమేటి?" అన్నాడు. రెండు వేళ్ల మధ్య రుద్ది నా ముక్కు దగ్గర పెట్టాడు. గుప్పున డీజిల్ వాసన. ఆయిలు చారులా జారిపోతోంది.

మసిని కాల్చడానికి బండి తనంతట తనే కాస్త ఎక్కువ డీజిల్ కొడుతుంది. ఆ పని సగంలో ఉండగా మనం తాళం తిప్పేస్తే మసి అలాగే ఉంటుంది, మళ్లీ మొదటినుంచి. ఇలా పదేపదే జరిగితే మండని డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. పల్చబడిన ఆయిలుతో నడిపితే టర్బో, బేరింగులు అరిగిపోతాయి.

శ్రీకాకుళం సర్వీసు సెంటర్లో కంప్యూటర్ తగిలించి, బండిని నిలబెట్టే మసి కాల్చారు. ఇంజిను దానంతటదే హోరెత్తిపోయింది, కింద నిలబడలేనంత వేడి. ఆయిలు మార్చారు. వారంటీ అడిగితే "మీ వాడకం వల్ల సార్" అన్నారు. పైగా వారానికోసారి హైవే ఎక్కించమని సలహా. మసి కాల్చడానికి టెక్కలి దాకా పోయి రావడమన్నమాట! ఆ డీజిల్ కూడా లెక్కేస్తే, నేను గొప్పగా చెప్పుకున్న మైలేజీ అంత గొప్పదేం కాదు.

ఇప్పుడు ఇంటి ముందు ఆపాక ఫ్యాను గట్టిగా తిరుగుతూ ఐడిల్ ఎక్కువగా ఉంటే తాళం తియ్యను, ఇంకో చుట్టు తిప్పుకొస్తాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. పొద్దున్నే చదునైన చోట గేజు చూస్తాను. బూడిద తక్కువ వచ్చే, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పోయిస్తాను, కొట్లో లూజు ఆయిలు కాదు. దీపం మళ్లీ వెలగలేదు, అలాగని ధీమా లేదు.

బరంపురంలో మా బావకీ ఇదే బండి. ఎప్పుడూ విశాఖ రోడ్డు మీదే ఉంటాడు, ఆ దీపం ఎలా ఉంటుందో కూడా ఆయనకి తెలీదు. మీ తిరుగుడు అలాంటిదైతే నిక్షేపంగా కొనుక్కోండి. మా లాంటి ఊరి తిరుగుడుకైతే నేను పెట్రోలే చెప్తాను. మరి నువ్వు అమ్మేస్తావా అంటే, ఇప్పుడే కాదు. ముందు సీటు ఎత్తు నాన్నగారి మోకాళ్లకి సరిపోయింది, ఆయన ఇంకో బండి ఎక్కనంటున్నారు.