ఎం.డివ్‌లో చేరబోతున్నారా? "అక్రిడిటేషన్ ఉంది" అనగానే ఫీజు కట్టేయకండి

క్రైస్తవ సంఘ సేవకు సిద్ధపడుతూ ఎం.డివ్‌లోనో బి.డి.లోనో (మాస్టర్, బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనే వేదాంత డిగ్రీలు) చేరాలని చూస్తున్నవాళ్లకు నా అనుభవం చెబుతున్నాను. మూడేళ్లు చదివి తెచ్చుకున్న పట్టాను మా సంఘంలో పాస్టర్లను అభిషేకించే ఆర్డినేషన్ కమిటీ పది నిమిషాల్లో పక్కన పెట్టేసింది. కాలేజీ పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్లు బోర్డు మార్చుకుని మళ్లీ వస్తారు, అందుకే పేరు కంటే వాళ్ల పద్ధతి తెలిస్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

చేరేముందు నేను అడక్కపోలేదు. "అక్రిడిటేషన్ ఉందా?" అన్నాను, అంటే బయటి సంస్థ పరిశీలించి ఇచ్చిన గుర్తింపు ఉందా అని. "ఉంది బ్రదర్, అంతర్జాతీయ అక్రిడిటేషన్" అన్నారు. బంగారు రంగు ముద్ర, రెండు సంతకాలు ఉన్న సర్టిఫికెట్ కూడా పంపారు. ప్రార్థన చేసుకుని చేరిపోయాను. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలన్న యేసు మాట మీద నేనే ఎన్ని ప్రసంగాలు చేశానో!

ఆ ముద్ర వేసిన సంస్థ సంగతి తర్వాత ఆరా తీశాను. దాని కార్యదర్శి, మా డీన్ ఒక్కరే. అంటే తమ కాలేజీకి తామే గుర్తింపు ఇచ్చుకున్నారు.

కాలేజీకి గుర్తింపు ఉందా అని అడిగితే సరిపోదు, ఆ గుర్తింపు ఇచ్చినవాళ్లను ఎవరు గుర్తించారో కూడా అడగాలి. అమెరికా, కెనడాల్లో సెమినరీలను (వేదాంత కాలేజీలను) చూసేది అసోసియేషన్ ఆఫ్ థియొలాజికల్ స్కూల్స్. దాని అక్రిడిటేషన్ కమిషన్‌ను అమెరికా విద్యాశాఖ గుర్తించింది. మన దేశంలో సెరాంపూర్ సెనేట్ ఉంది. సెరాంపూర్ కాలేజీ 1818లో మొదలైంది, డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు చార్టర్‌తో వచ్చింది. అనుబంధ కాలేజీలు పాఠాలు చెబుతాయి, డిగ్రీ మాత్రం సెనేట్ ఇస్తుంది. 1970లో ఏర్పడి, వేదాంత కాలేజీలకు అక్రిడిటేషన్ ఇచ్చే ఆసియా థియొలాజికల్ అసోసియేషన్ కూడా చాలామందికి తెలిసిందే. ఏ సంస్థ పేరు చెప్పినా, ఆ సంస్థ దగ్గరున్న జాబితాలో కాలేజీ పేరుందో లేదో మీరే చూడండి. కాలేజీవాళ్లు పంపిన సర్టిఫికెట్ ఫొటో లెక్కలోకి రాదు.

జాబితాలో పేరు కనిపించినా అక్కడితో ఆగకండి. సభ్యత్వం వేరు, అక్రిడిటేషన్ వేరు. దరఖాస్తు పెట్టుకుని పరిశీలనలో ఉండటం ఇంకో దశ. చాలాచోట్ల గుర్తింపు ఒక్కో కోర్సుకు విడివిడిగా ఇస్తారు. బి.టిహెచ్‌కి (వేదాంతంలో బ్యాచిలర్ డిగ్రీ) ఉండి ఎం.డివ్‌కి లేకపోవచ్చు. కాబట్టి మీరు చేరే కోర్సుకే ఉందా, ఏ సంవత్సరం వరకు ఉంది అని అడగండి. "ప్రాసెస్‌లో ఉంది" అంటే ప్రస్తుతానికి లేదనే అర్థం చేసుకోండి.

నేను పడిపోయింది ఇంకో ఎర దగ్గర. "మీ సేవ అనుభవానికి 30 క్రెడిట్లు ఇస్తాం" అన్నారు. క్రెడిట్లంటే చదివిన పాఠాలకు లెక్కేసే యూనిట్లు. నా సేవను ఒకళ్లు లెక్కలోకి తీసుకున్నారని లోలోపల సంతోషించాను కూడా. ఇందాక చెప్పిన అమెరికా సంస్థ ప్రమాణాల్లో ఎం.డివ్‌కి కనీసం 72 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి, పూర్తికాలం చదివితే మామూలుగా మూడేళ్లు పడుతుంది. అందులో దాదాపు సగం తరగతిలో కూర్చోకుండానే వచ్చేసిందంటే నాకప్పుడే అనుమానం రావాల్సింది. నాకు మిగిలినవి తక్కువే అయినా మూడేళ్లు పట్టింది, ఎందుకంటే క్లాసులు సగం వాయిదా పడేవి.

చదువు ఎలా సాగిందో కూడా చెప్పాలి. గ్రీకు అంటే అక్షరమాల, కొన్ని పదాలు, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే పరీక్ష. గ్రీకు మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా ముందుగా వల్లె వేసే 'లూఓ' క్రియ రూపాలు కూడా నాకు పూర్తిగా రావు. హెబ్రీ అసలు మొదలే కాలేదు, మార్కులు మాత్రం వచ్చాయి. ఫీల్డ్ వర్క్‌కి "మీ పాస్టరుగారి సంతకం తెండి చాలు" అన్నారు. తర్వాత ఆసుపత్రిలో రోగులకు ఆత్మీయంగా తోడుండే ఒక చాప్లిన్‌గారితో మాట్లాడితే సిగ్గేసింది. క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ అనే ఆ సేవ శిక్షణలో ఒక్క యూనిట్‌కే 400 గంటలట. రోగి మంచం పక్కన జరిగిన సంభాషణను మాటకు మాట రాసుకొచ్చి, సూపర్‌వైజర్ ముందు, తోటివాళ్ల ముందు పెట్టి, ఎక్కడ వినాల్సింది పోయి ఉపదేశం మొదలుపెట్టామో చూసుకోవాలట. చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గర ఎలా కూర్చోవాలో నాకు మూడేళ్లలో ఎవరూ నేర్పలేదు.

అందరూ మోసగాళ్లే అనను. సంఘ చరిత్ర చెప్పిన మాస్టారు మనసుపెట్టి చెప్పారు. జీతం ఇవ్వకపోవడంతో మధ్యలోనే వెళ్లిపోయారు. గుర్తింపు లేని బైబిల్ స్కూళ్లన్నీ చెడ్డవి కూడా కావు. "మా డిప్లొమాకి గుర్తింపు లేదు, వాక్యం నేర్పడమే మా పని" అని ముందే చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి డబ్బు తీసుకున్నవాళ్లతోనే నా గొడవ.

ఇంకో సెమినరీలో ఎం.టిహెచ్‌కి, అంటే వేదాంతంలో పై డిగ్రీకి, దరఖాస్తు పెడితే పట్టా చెల్లదన్నారు. ఒక్క క్రెడిట్ కూడా తీసుకోలేదు. మా కమిటీని చేరకముందే అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాళ్లు. ఎవరి దగ్గర ఆర్డినేషన్ తీసుకోవాలనుకుంటున్నారో వాళ్లనే ముందు అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బోధకుల డిగ్రీలు ఎక్కడివో కూడా చూడండి. మా దగ్గర ముగ్గురి డాక్టరేట్లు మా కాలేజీవే.

డబ్బు వెనక్కి అడిగితే "సేవకిచ్చినదాన్ని తిరిగి అడుగుతారా?" అన్నారు. అప్పుడు రసీదులు తీసి చూసుకున్నాను. ఒక్కదాని మీదా ఫీజు అని లేదు. అన్నిటి మీదా "కానుక" అనే ఉంది. ఇక ఏ ముఖంతో రీఫండ్ అడగను?

ఇప్పటికే ఇలాంటి చోట చదువుతున్నవాళ్లు ఇవాళే మీ రసీదులు తీసి చూడండి. ఫిర్యాదు చేసేముందే ట్రాన్‌స్క్రిప్ట్, సిలబస్ కాపీలు చేతికి తెచ్చుకోండి. నేను ముందు గొడవపడి తర్వాత అడిగాను. నా కాగితాలు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి.