గోలీ గ్లౌజులు, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర

మా చిన్నోడు స్కూల్ ఫుట్‌బాల్ టీంలో గోలీ, అంటే గోల్‌కీపర్. వాడికి ఇక్కడి స్పోర్ట్స్ షాపులో 850 రూపాయలకు గ్లౌజులు తీసుకున్నాను. అరచేతి వైపు రబ్బరు పొర మెత్తగా ఉంది. కొంచెం తడిపి వేసుకుంటే బంతి జారడం లేదు. మణికట్టు పట్టీ గట్టిది. కానీ మన మొరం గ్రౌండ్లో పడి లేస్తుంటే బొటనవేలి దగ్గర పొర తొందరగా లేస్తోంది.

షాపాయన పీటర్ తంగరాజ్ గురించి చెప్తుంటే మావాడు అక్కడి నుంచి కదల్లేదు. హైదరాబాద్‌లో పుట్టిన గోలీ! రహీం సాబ్ కోచ్‌గా 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఉన్నారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. అంతటి ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు నిజంగా బాధ. ఈ షాపాయన ఓపికగా చెప్తారు, అందుకే మళ్లీ ఇక్కడికే వెళ్తాను.

పిల్లల సైజులు ఉన్నాయి. వేళ్ల చివర కాస్త వదులు చూసి తీసుకోండి.