హన్మకొండ ఇంట్లో ఓపీఎన్‌సెన్స్: ప్రకటనలు నిజంగా ఆగుతాయా?

కింద ఓనర్లు, పైన కిరాయికి ఉండే నిట్ పిల్లలు, అందరికీ కలిపి ఒకటే ఫైబర్ కనెక్షన్. హన్మకొండ, కాజీపేట కాలనీల్లో ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. ఒక్కో ఫోన్‌లో యాడ్ బ్లాకర్ వేసుకుంటూ పోతే పని తెమలదు. అలాంటి ఇంటికి ఓపీఎన్‌సెన్స్ (OPNsense) గట్టి ఫైర్‌వాల్, అంటే బయటి నెట్‌కూ ఇంటికీ మధ్య కాపలా ఉండే సాఫ్ట్‌వేర్. 2015లో పీఎఫ్‌సెన్స్ అనే మరో ఫైర్‌వాల్ నుంచి వేరుపడింది, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది, ఉచితం. నాలుగైదు ఫోన్లలో ప్రకటనలు ఆగితే చాలనుకునేవాళ్లకు మాత్రం ఇంత హంగామా అక్కర్లేదు, ప్రకటనలు ఆపడానికే ఉన్న పై-హోల్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ సరిపోతుంది.

64 బిట్ ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ కంప్యూటర్, రెండు లాన్ పోర్టులు, 4 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ కావాలి. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు కంప్యూటర్ మీద ఇది ఎక్కదు. పోర్టులు ఇంటెల్‌వి అయితే నిశ్చింత. రియల్‌టెక్‌వి లోడ్ పెరిగితే మొరాయించవచ్చు, వాటికి విడిగా డ్రైవర్ ప్లగిన్ ఉంది. పాత డెస్క్‌టాప్ పెట్టేముందు కరెంటు లెక్క చూసుకోండి: 50 వాట్లు లాగే పెట్టె నెలంతా నడిస్తే 36 యూనిట్లు, 10 వాట్ల మినీ పీసీకి ఏడు.

ఇన్‌స్టాల్‌లో డిస్కు ఫైల్ సిస్టమ్ అడిగితే యూఎఫ్‌ఎస్ వద్దు, జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకోండి. గాలిదుమారానికి హఠాత్తుగా కరెంటు పోయినా డిస్కు చెడే భయం తక్కువ. ఓఎన్‌టీనీ (ఫైబర్ కంపెనీ బిగించిన పెట్టె) దీన్నీ ఇన్వర్టర్ లైన్ మీదే పెట్టండి. దీని లాన్ అడ్రస్ మొదట 192.168.1.1, చాలా ఓఎన్‌టీలదీ అదే. రెండూ ఒకటే అయితే, దీన్ని 192.168.10.1 లాంటిదానికి మార్చకపోతే నెట్ రాదు. వైఫైకి పాత రౌటర్ చాలు: అందులో డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కేబుల్‌ను వాన్ పోర్టుకు కాకుండా లాన్ పోర్టుకు పెట్టాలి.

సైట్ పేరు అడిగితే దాని అడ్రస్ చెప్పేది డీఎన్‌ఎస్; ప్రకటనల సర్వర్ల పేర్లకు అడ్రస్ చెప్పకపోతే ప్రకటనలు రావు. ఓపీఎన్‌సెన్స్‌లో ఆ పని చేసే అన్‌బౌండ్ డీఎన్‌ఎస్‌లో బ్లాక్‌లిస్ట్ పేజీ తెరిచి, ఓఐఎస్‌డీ లాంటి ఒక్క ప్రకటనల సర్వర్ల జాబితా టిక్ చేయండి. పది కలిపితే ప్రకటనలు పెద్దగా తగ్గవు, పనికొచ్చే సైట్లు ఆగుతాయి. రోజుకోసారి జాబితా తాజా అయ్యేలా క్రాన్‌లో (వేళకు పనులు నడిపే చోటు) పెట్టండి.

అసలు పని ఇక్కడి నుంచే. కొన్ని టీవీలు, యాప్‌లు మన డీఎన్‌ఎస్‌ను వదిలేసి నేరుగా గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8ను అడుగుతాయి. డీఎన్‌ఎస్ ప్రశ్నలు 53 పోర్టులో పోతాయి, కాబట్టి లాన్ నుంచి బయటికి పోయే 53 పోర్టు అంతా, టీసీపీ, యూడీపీ రెండూ, 127.0.0.1కి, అంటే ఈ పెట్టెకే, మళ్లేలా నాట్ (అడ్రస్‌లు మార్చే) సెట్టింగ్‌లో పోర్ట్ ఫార్వర్డ్ రాయాలి. పాత అడ్రస్ పద్ధతి ఐపీవీ4కే రాస్తే, కొత్త పద్ధతి ఐపీవీ6 దారి తెరిచే ఉంటుంది. రహస్య డీఎన్‌ఎస్ ప్రశ్నలు పోయే 853 పోర్టును అడ్డుకునే నియమం, అన్నిటినీ అనుమతించే నియమానికి పైన ఉండాలి. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ప్రైవేట్ డీఎన్‌ఎస్‌లో సర్వర్ పేరు రాసి ఉన్న ఫోన్‌కు నెట్ ఆగిపోవచ్చు, దాన్ని ఆటోమేటిక్‌కు మార్చాలి. బ్రౌజర్లు 443 పోర్టులో దాచి పంపే డీఎన్‌ఎస్‌ను మాత్రం పూర్తిగా ఆపలేం.

యూట్యూబ్ ప్రకటనలు ఆగవు. వీడియో వచ్చే సర్వర్ల నుంచే అవీ వస్తాయి.

పాత డెస్క్‌టాప్‌లో సీమాస్ బ్యాటరీ (గడియారాన్ని నడిపే చిన్న సెల్) అయిపోతే కరెంటు పోయి వచ్చాక గడియారం వెనక్కి పోతుంది. డీఎన్‌ఎస్ జవాబులు అసలైనవో కావో సంతకాలతో తేల్చే డీఎన్‌ఎస్‌సెక్ ఆన్‌లో ఉంటే సంతకాల తేదీలు కుదరక సైట్ల పేర్లే దొరకవు. ముందే కొత్త బ్యాటరీ వేయండి.

ఏదైనా యాప్ తెరుచుకోకపోతే అన్‌బౌండ్ రిపోర్ట్‌లో ఏ పేరు ఆగిందో చూసి దాన్ని అనుమతించవచ్చు. ఎవరి ఫోన్ ఏ సైట్ అడిగిందో కూడా అందులో కనిపిస్తుంది కాబట్టి, పైన ఉండేవాళ్లకు చెప్పాకే ఆ రిపోర్ట్ ఆన్ చేయాలి.