‘ఆపండి’ అంటే ‘ఆడండి’ అని వినిపించే హాలు: నాలుగేళ్ల వాడకం తరువాత

ఈ హాలు గురించి నాలుగేళ్ల కిందట, ఇందులో కార్డులు, చదరంగం వంటి బల్ల ఆటల పోటీ ఒకే ఒక్కటి నిర్వహించిన ఉత్సాహంలో, నేను ధారాళంగా పొగుడుతూ రాశాను. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకపోవడం, ఏడు మీటర్ల ఎత్తున్న కప్పు, అద్దంలా మెరిసే రాతి నేల, కిటికీల వెలుతురు, ఏ మూల నిలబడినా అన్ని బల్లలూ కనిపించడం గురించి అందులో చెప్పాను. అవి ఇప్పటికీ నిజాలే. అయితే ఆ తరువాత మరో పదకొండు పోటీలు ఇక్కడే జరిపాము కనుక, అప్పుడు నేను మెచ్చుకున్న ఆ కప్పూ ఆ నేలా కలిసి మమ్మల్ని ఎంత ఇబ్బంది పెట్టాయో కూడా రాయవలసిన బాధ్యత నా మీద ఉంది. కుర్చీలు, కరెంటు, మరుగుదొడ్లు వంటి వాటిలో చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు. నా ఫిర్యాదు అంతా ఒక్కటే: ఈ హాలులో మాట వినిపిస్తుంది, కానీ అర్థం కాదు.

మొదటిసారి చూడటానికి వెళ్లినప్పుడు హాలు ఖాళీగా ఉంది. మధ్యలో నిలబడి ఏదో అన్నాను. నా గొంతు నాకే గంభీరంగా, నాటకాల్లో రాజుగారి గొంతులా తిరిగి వినిపించింది. మైకు లేకపోయినా పని జరిగిపోతుందని అనుకుని మురిసిపోయాను. అది ఆనందించవలసిన విషయం కాదని, వెనుదిరిగి వెళ్లవలసిన సూచన అని అప్పుడు నాకు తోచలేదు.

అసలు సంగతి మూడో ఏడాది జరిగిన కార్డుల పోటీలో బయటపడింది. అరవై నాలుగు మంది ఆటగాళ్లు, ముప్ఫై రెండు జోడీలు, స్విస్ పద్ధతిలో ఆరు రౌండ్లు, ఒక్కో రౌండుకు యాభై నిమిషాలు. స్విస్ పద్ధతిలో ఎవరూ మధ్యలో నిష్క్రమించరు. ప్రతి రౌండులోనూ సమానమైన పాయింట్లు ఉన్నవారిని ఒకరికొకరిని జత చేస్తారు. కాబట్టి ఒక్క ఫలితం తప్పుగా నమోదైతే ఆ తప్పు ఆ బల్ల దగ్గరే ఆగిపోదు, తరువాతి రౌండులో హాలంతా పాకుతుంది. మూడో రౌండు చివర్లో ఇరవై మూడో బల్ల ఆటగాడొకరు మా దగ్గరకు వచ్చి తమ ఫలితం నోటితో చెప్పారు. ఆ హోరులో మా స్వచ్ఛంద కార్యకర్తకు అది ‘ఇరవై ఏడు’ అని వినిపించింది, అలాగే నమోదు చేశాడు. కాసేపటికి నిజమైన ఇరవై ఏడో బల్ల వారు వచ్చేసరికి జాబితాలో ఖాళీగా మిగిలినది ఇరవై మూడు ఒక్కటే. చెప్పినది ‘ఇరవై మూడు’ అనే అయి ఉంటుందని అనుకుని అక్కడ వేసేశాడు. ఇందులో హాలు తప్పు ఎంత ఉందో నా తప్పు కూడా అంతే ఉంది. ఇద్దరు ఆటగాళ్లూ సంతకం చేసే ఫలితాల చీటీలు ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కాగితం దండగ అని వాటిని మానేసింది నేనే.

నాలుగో రౌండు జోడీలు ప్రకటించి, అందరూ కూర్చుని కార్డులు కలుపుతుండగా, ఇరవై ఏడో బల్ల మీద గెలిచిన వ్యక్తి తనను మూడు ఓటములతో ఉన్నవారి మధ్య కూర్చోబెట్టారని వచ్చి చెప్పారు. నాలుగు పేర్లు తారుమారయ్యాయని తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. జోడీలు మళ్లీ వేయక తప్పదు. నేను మైకు తీసుకుని గట్టిగా, “అందరూ ఆపండి” అని ప్రకటించాను. ముందు వరుసలవారు చేతులు తీసేసి నా వైపు చూశారు. వెనుక సగంలో ఉన్నవారు మాత్రం తలలూపి హాయిగా ఆట మొదలుపెట్టారు. వారికి వినిపించినది “అందరూ ఆడండి” అని. రౌండు మొదట్లో నిర్వాహకుడు మైకులో సాధారణంగా చెప్పే మాట కూడా అదే కదా, వారిని తప్పు పట్టడానికేమీ లేదు. నేను మళ్లీ, ఇంకా గట్టిగా, “ఆపండి, ఆపండి” అన్నాను. అది వెనుకవారిని మరింత ఉత్సాహపరిచినట్లు ఉంది.

చివరికి మేము నలుగురం వరుసల మధ్య నడుస్తూ బల్ల బల్లకూ చెప్పుకుంటూ వెళ్లవలసి వచ్చింది. ఆ పని ముగిసేసరికి పన్నెండు నిమిషాలు గడిచాయి, వెనుక రెండు బల్లల మీద మొదటి ఆట పూర్తయిపోయింది. ఆ ఆటలను లెక్కలోకి తీసుకోవాలా, రద్దు చేయాలా అన్న చర్చకు మరి కొంత సమయం పోయింది. రద్దు చేయాలని నిర్ణయించాను. గెలిచిన ఆటను కోల్పోయిన వారిలో ఒకరు నాతో ఒక్క మాట కూడా అనలేదు. కార్డులు సర్దుకుని కొత్త స్థానానికి వెళ్లి కూర్చున్నారు. కానీ ఆ తరువాత మా పోటీల్లో దేనికీ ఆయన రాలేదు. ఆ రోజు పోయిన యాభై నిమిషాలను తిరిగి రాబట్టుకోలేక, హాలు అప్పగించవలసిన వేళకు ఆరో రౌండు జరపనే లేకపోయాము. అరవై నాలుగు మందిలో అయిదు రౌండ్ల తరువాత డ్రాలు లేకపోతే ఓటమి ఎరుగనివారు ఇద్దరు మిగులుతారు. సరిగ్గా అలాగే మిగిలారు. వారిద్దరూ ఎదురెదురుగా కూర్చోకుండానే టై-బ్రేక్ లెక్కతో, అంటే పాయింట్లు సమానమైనప్పుడు ఎవరు ముందో తేల్చే లెక్కతో, విజేతను ప్రకటించాను. ఆ ప్రకటన కూడా వెనుకవారికి అర్థమైందో లేదో.

ఇంటికి వచ్చాక కొంత చదివాను. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో అధ్యాపకుల మాటలు ఎవరికీ అర్థం కాకపోవడంతో, 1895లో దాని సంగతి చూడమని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్రవేత్తను పురమాయించారట. అక్కడ పలికిన మాట పూర్తిగా అణగడానికి అయిదున్నర సెకన్లు పట్టేది. ఆయన రాత్రిళ్లు పక్కనే ఉన్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే ధ్వని ఎంత త్వరగా అణుగుతుందో కొలిచాడు. (చదరంగంలో స్విస్ పద్ధతిని జ్యూరిక్‌లో మొదటిసారి వాడినదీ ఆ 1895లోనే, నా కష్టాలు రెండూ ఒకే ఏడాదిలో పుట్టాయన్నమాట.) ఆయన తేల్చిన సూత్రం ప్రకారం గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గదిలోని మొత్తం ధ్వని శోషణతో భాగిస్తే, ధ్వని అరవై డెసిబెల్‌లు తగ్గడానికి పట్టే సెకన్లు వస్తాయి. మా హాలు పొడవు 24 మీటర్లు, వెడల్పు 15, ఎత్తు 7. రాయి, సున్నం, అద్దం తప్ప మరేమీ లేని గది కనుక ఉపరితలాలు సగటున నూటికి అయిదు పాళ్లు ధ్వనిని పీల్చుకుంటాయని ఉదారంగా అనుకుని, డెబ్బై మంది మనుషులను కూడా కలిపి లెక్క వేస్తే, నాలుగు సెకన్ల పైమాటే వచ్చింది. మాట స్పష్టంగా అర్థం కావాలంటే ఇది ఒక సెకను దరిదాపుల్లో ఉండాలి. అదే హాలు ఎత్తు సగమే ఉండి ఉంటే, మిగిలినదేదీ మార్చకుండానే, రెండున్నర సెకన్ల లోపుకు దిగేది. నేను మెచ్చుకున్న ఎత్తు ఖరీదు అదీ.

ఇటువంటి గదిలో అచ్చుల హోరు తరువాతి హల్లు మీద పడి దాన్ని మింగేస్తుంది. ‘ఆపండి’, ‘ఆడండి’ మాటల మధ్య తేడా అంతా ఒక్క హల్లులోనే ఉంది. మైకు శబ్దం పెంచడం వల్ల లాభం లేకపోవడానికి కారణం కూడా ఇదే: దూరం పెరిగే కొద్దీ స్పీకరు నుంచి నేరుగా వచ్చే ధ్వని తగ్గిపోతుంది, గోడలకూ కప్పుకూ తగిలి తిరిగి వచ్చే ప్రతినాదం మాత్రం హాలంతటా దాదాపు ఒకే స్థాయిలో నిండి ఉంటుంది, శబ్దం పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి. దానికి తోడు, చుట్టూ గోల ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే చెప్పాడు. అరవై నాలుగు మంది అలా ఒకరి మీద ఒకరు గొంతు పెంచుకుంటూ పోతే సాయంత్రానికి ఏమవుతుందో నేను పన్నెండుసార్లు విన్నాను.

తరువాతి పోటీలకు కొన్ని మార్పులు చేశాము. వేదిక పక్కనున్న రెండు పెద్ద స్పీకర్లను ఆపేసి, బల్లలకు దగ్గరగా నాలుగు చిన్నవి తక్కువ శబ్దంతో పెట్టడం అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడింది. రెండు గోడలకు మందపాటి తెరలు ముడతలుగా వేలాడదీశాము. లెక్క ప్రకారం నాలుగు సెకన్లు మూడుకు దిగాలి, చెవికి కూడా అలాగే అనిపించింది. పాచికలు ఉన్న ఆటలకు అడుగున రబ్బరు ఉన్న గుడ్డ చాపలు తప్పనిసరి చేశాము, ఉత్త చెక్క మీద పాచిక పడే టకటక శబ్దం ముప్ఫై బల్లల మీద ఒకేసారి వింటే తప్ప అది ఎందుకో అర్థం కాదు. సమయం గోడ మీద పెద్ద అంకెలతో కనిపిస్తుంది. ఆపవలసి వస్తే మాట్లాడము, దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాము. చీటీలు మళ్లీ వచ్చాయి.

వెలుతురు గురించి నా పాత పొగడ్తను కూడా కాస్త తగ్గించుకోవాలి. ఉదయం అది నిజంగానే బాగుంటుంది. మధ్యాహ్నం తరువాత పడమటి కిటికీల వైపు కూర్చున్నవారికి కార్డుల తొడుగుల మీద మెరుపు తప్ప అక్షరాలు కనిపించవు. తెరలు వేశాక ఆ సమస్య కొంత తగ్గింది, అయితే దానితో పాటు వెలుతురు కూడా తగ్గింది.

ఇంత చెప్పాక కూడా ఈ హాలు వద్దని నేను అనలేను. చిన్న బొమ్మల సేనలతో ఆడే యుద్ధక్రీడలకు ఒక్కో ఆటకు అరవై అంగుళాలకు నలభై నాలుగు అంగుళాల బల్ల, దాని చుట్టూ తిరగడానికి దారి కావాలి. అక్కడ స్తంభాలు లేని ఈ విశాలతకు సాటి లేదు, ఆడేవారూ తక్కువమందే ఉంటారు. చదరంగమైతే మాట్లాడేవారే ఉండరు. అరవై మందితో కార్డుల పోటీ అంటే మాత్రం, కప్పు తక్కువ ఎత్తులో ఉండి నేల మీద తివాచీ పరిచిన ఏ కళావిహీనమైన గది దొరికినా నేను దానికే వెళతాను. నా ఎడమ చెవి కొంత మందం, మా బృందంలో నడిచి తిరగగలిగినవారు నలుగురే; చురుకైన చెవులు, పది మంది సహాయకులు ఉన్నవారికి ఈ ఫిర్యాదు ఇంత పెద్దదిగా అనిపించకపోవచ్చు. వచ్చే పోటీని ఇక్కడే పెట్టుకున్నాము, ముప్ఫై రెండు మందికి పరిమితం చేసి. అంటే బల్లలు పదహారే. పదమూడో బల్ల ఉంటుంది, దానితో పొరబడటానికి పదిహేడోది ఉండదు.